వస్తా ఉండా, వచ్చుండా: ఇంగ్లీషు హెల్పింగ్ వెర్బ్‌కి మన చిత్తూరు మాటలోనే తాళంచెవి ఉంది

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జి కౌంటర్ల దగ్గర పొద్దున పూట తరచూ వినిపించే మాట ఒకటుంది: "రూమ్ ఈజ్ క్లీనింగ్ సార్." రాత్రంతా రైల్లో కూర్చుని పూణె నుంచో ఢిల్లీ నుంచో దిగిన కుటుంబం, సూట్‌కేసులు పక్కన పెట్టుకుని, గది ఎప్పుడిస్తారని అడుగుతుంది. కౌంటర్ వెనక ఉన్న కుర్రాడి మనసులో ఉన్నది "క్లీన్ చేస్తా ఉండారు సార్, పది నిమిషాలు" అన్న మాట. అది సరైన తెలుగు, ఎక్కడా తడబాటు లేదు. కానీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి గదే చీపురు పట్టుకుని ఊడుస్తోందన్న అర్థం వచ్చేస్తుంది. అవతలివాళ్ళు సర్దుకుని అర్థం చేసుకుంటారు, పని జరిగిపోతుంది, అందుకే ఈ తప్పు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. అదే కుర్రాడు రేపు శ్రీసిటీలో ఏదో కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మాత్రం ఎదుటివాళ్ళు సర్దుకోరు.

ఈ తప్పుకి కారణం ఇంగ్లీషు రాకపోవడం అని తేల్చేయడం సులువు. అసలు సంగతి వేరే. హెల్పింగ్ వెర్బ్ అనేదాన్ని మనకు ఒక జాబితాగా నేర్పారు. బళ్ళలో ఎక్కువగా వల్లె వేయించే జాబితాలో 24 ఉంటాయి: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ ఐదు, డు, డజ్, డిడ్ మూడు, హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ మూడు, షల్, షుడ్, విల్, వుడ్, క్యాన్, కుడ్, మే, మైట్, మస్ట్ తొమ్మిది, ఆట్ టు, యూజ్డ్ టు, నీడ్, డేర్ నాలుగు. ఎక్కాల్లాగా ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పేవాళ్ళు ఊరూరా ఉన్నారు. కానీ ఒకటి గమనించండి, ఈ 24లో "బీయింగ్" లేదు, "బీన్" లేదు, ఉత్త "బీ" కూడా లేదు. లాడ్జి కుర్రాడికి ఆ నిమిషాన కావాల్సింది సరిగ్గా ఆ "బీయింగే". "ది రూమ్ ఈజ్ బీయింగ్ క్లీన్డ్." జాబితా మొత్తం కంఠతా వచ్చినా ఈ వాక్యం నోట్లోకి రాదు, ఎందుకంటే ఏది పక్కన ఏది రావాలన్నది జాబితా చెప్పదు.

ఆ అతుకు ఎలా పనిచేస్తుందో చూడాలంటే గ్రామర్ పుస్తకం కంటే ముందు మన నోటి మాట చూసుకోవడం మేలు. కోస్తా వాళ్ళు "వస్తున్నాను" అంటారు. ఆ మాటలో "వస్తూ", "ఉన్నాను" అనే రెండు మాటలు కలిసిపోయి కనపడకుండా పోయాయి. మన చిత్తూరు వైపు "వస్తా ఉండాను" అంటాం. రెండూ విడివిడిగా, కళ్ళకు కట్టినట్టు ఉంటాయి: "వస్తా" అసలు పని, "ఉండాను" సాయానికి వచ్చిన మాట. "ఏం చేస్తా ఉండావు?", "బస్సు వస్తా ఉండాది", "తింటా ఉండారు". ఇలా మాట్లాడితే యాస అని, సరిగ్గా మాట్లాడమని కొందరు పిల్లల్ని మందలిస్తారు, అది అన్యాయం. హెల్పింగ్ వెర్బ్ అంటే ఏమిటో బల్ల మీద పెట్టి చూపించే మాట అది.

ఇక్కడితో ఆగదు. "వచ్చినాడు" వేరు, "వచ్చుండాడు" వేరు. మామ నిన్న వచ్చినాడు, అంటే వచ్చాడు, ఆ సంగతి నిన్నటిది. మామ వచ్చుండాడు, అంటే వచ్చి ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, కాఫీ పెట్టాలి. ఇంగ్లీషులో "కేమ్"కీ "హ్యాజ్ కమ్"కీ ఉన్న తేడా అచ్చంగా ఇదే. సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని పేర్లు పెట్టి, కాలరేఖలు గీసి, బాణాలు వేసి గంటసేపు చెప్పినా బుర్రకెక్కని తేడాని మన ఊళ్ళలో నాలుగేళ్ళ పిల్ల పొరపాటు లేకుండా వాడుతుంది. ఆ పిల్లే పదో తరగతికి వచ్చాక "హ్యాజ్ కేమ్" అని రాస్తోందంటే తన చేతిలో ఉన్న తాళంచెవి ఈ తాళానిదే అని ఎవరూ చెప్పలేదన్నమాట.

అయితే ఒక చిక్కు ఉంది, చాలా తప్పులకు మూలం అక్కడే. తెలుగులో ఈ రెండు చోట్లా సాయం చేసే మాట ఒక్కటే, "ఉండు". "చేస్తా ఉండా" అన్నా అదే, "చేసుండా" అన్నా అదే. మారేది దాని ముందున్న మాట: "చేస్తా" అంటే పని సాగుతోంది, "చేసి" అంటే పని అయిపోయింది. ఇంగ్లీషు ఆ రెండింటికీ రెండు వేర్వేరు సహాయకుల్ని పెట్టుకుంది. సాగుతున్నదానికి "బీ" కుటుంబం, అయిపోయినదానికి "హ్యావ్" కుటుంబం. "ఐ యామ్ డూయింగ్", "ఐ హ్యావ్ డన్". మనకు రెండు చోట్లా "ఉండా" వినపడుతుంది కాబట్టి, రెండు చోట్లా "యామ్" పడిపోతుంది. "ఐ యామ్ కంప్లీటెడ్ మై డిగ్రీ" అనే వాక్యం, ఇంటర్వ్యూల్లో తెలుగువాళ్ళ నోట ఎన్నిసార్లు వస్తుందో చెప్పలేం, సరిగ్గా ఈ దారిలోనే పుట్టింది: డిగ్రీ పూర్తి చేసుండా, ఉండా అంటే యామ్, కాబట్టి యామ్ కంప్లీటెడ్. లోపలి లెక్క సబబుగానే ఉంది, సహాయకుడు మాత్రం తారుమారయ్యాడు. "చేసుండా" అనిపించిన ప్రతిచోటా "హ్యావ్", "చేస్తా ఉండా" అనిపించిన ప్రతిచోటా "యామ్" అని ఒక్క వారం పట్టుబట్టి మాట్లాడితే ఈ తప్పు చాలావరకు రాలిపోతుంది.

ఒకచోట మాత్రం ఈ లెక్క మోసం చేస్తుంది, అది ముందే చెప్పుకోవాలి. "2021 నుంచి ఇక్కడే పని చేస్తా ఉండా" అని తెలుగులో అంటాం. సాగుతున్న పనే కదా అని "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2021" అనేస్తాం. ఇంగ్లీషు ఇక్కడ రెండు సంగతులూ చెప్పమంటుంది: పని ఇంకా సాగుతోంది, అలాగే ఇప్పటికి ఇన్నేళ్ళు నడిచింది. అందుకే రెండు కుటుంబాల్నీ పిలుస్తుంది: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2021." తెలుగు వాక్యంలో "నుంచి" గానీ, "రెండేళ్ళుగా", "పొద్దుట్నుంచి" లాంటి మాట గానీ ఉండి పని ఇంకా నడుస్తుంటే "హ్యావ్ బీన్" తప్పదు. క్యూలో పొద్దుట్నుంచి నిలబడి ఉన్నవాళ్ళు "వి హ్యావ్ బీన్ స్టాండింగ్ సిన్స్ మార్నింగ్" అనాలి. "వి ఆర్ స్టాండింగ్" అంటే ఈ క్షణాన నిలబడ్డారన్న సంగతే తెలుస్తుంది, పొద్దుట్నుంచి పడ్డ కష్టం అందులో రాదు.

రెండు భాషల అమరికలో కనపడే అందమైన సంగతి ఒకటి ఇక్కడ చూడాలి. "రాస్తూ ఉండి ఉండొచ్చు" అనే తెలుగు మాట తీసుకోండి. పరీక్ష హాల్లో ఉన్న పిల్లవాడి గురించి, ఆ టైముకి వాడు రాస్తూ ఉండి ఉండొచ్చు అంటాం. దీన్ని ఇంగ్లీషులో చెబితే "మే హ్యావ్ బీన్ రైటింగ్". ఇప్పుడు తెలుగు మాటని చివర నుంచి వెనక్కి చదవండి. "ఒచ్చు" అంటే మే. "ఉండ" అంటే హ్యావ్. "ఉండి" అంటే బీన్. "రాస్తూ" అంటే రైటింగ్. నాలుగుకి నాలుగూ సరిపోయాయి, వరుస ఒక్కటే తిరగబడింది. తెలుగులో అసలు పని ముందు నడుస్తుంది, సహాయకులు వెనకాల తోకలా వస్తారు. ఇంగ్లీషులో సహాయకులు ముందు నడిచి అసలు పని చివర వస్తుంది. అద్దంలో చూసుకుంటే కుడి ఎడమైనట్టు. సహాయక క్రియలు అనే కొత్త వింత ఏదో ఇంగ్లీషులో ఉందని భయపడే వాళ్ళకి ఈ ఒక్క వాక్యం చూపిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఈ వరుసలో ప్రతి సహాయకుడూ తన పక్కనున్న మాట రూపాన్ని మాత్రమే శాసిస్తాడు, ఆ తర్వాతి దాని జోలికి పోడు. "మే" పక్కన మూలరూపమే రావాలి, అందుకే "హ్యాజ్" కాకుండా "హ్యావ్" వచ్చింది, వాక్యం "హి"తో మొదలైనా సరే. "హ్యావ్" పక్కన వి3, అంటే క్రియ మూడో రూపం, రావాలి, అందుకే "బీన్". "బీన్" కూడా "బీ" కుటుంబమే, పని సాగుతున్నదే, కాబట్టి దాని పక్కన ఇంగ్ రూపం, అందుకే "రైటింగ్". "హి మే హ్యాజ్ గాన్", "హి క్యాన్ స్పీక్స్ తమిళ్", "ఐ మస్ట్ టు గో" ఇవన్నీ ఎందుకు తప్పో ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. విల్, వుడ్, క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, మస్ట్ పక్కన ఏ తోకా లేని మూలరూపం, మధ్యలో "టు" ఉండదు, అంతే. "టు"ని తమలోనే కలుపుకుని వచ్చేవి "ఆట్ టు", "యూజ్డ్ టు". నీడ్, డేర్ సంగతి కొంచెం గందరగోళమే, వాటిని మామూలు క్రియల్లా "డోంట్ నీడ్ టు" అని వాడుకుంటే రోజువారీ మాటల్లో ఏ ఇబ్బందీ రాదు.

వాక్యంలో మొట్టమొదటి సహాయకుడికి మాత్రం ప్రత్యేకమైన హోదా ఉంది. కాలం, కాదన్న మాట, ప్రశ్న, ఈ మూడు బరువులూ అతనే మోస్తాడు. అసలు క్రియ చేతులు ఖాళీగా పెట్టుకుని నడుస్తుంది. ఈ ముక్క పట్టుబడితే "డిడ్ నాట్ వెంట్" అనే తప్పు మళ్ళీ నోట రాదు. మనవాళ్ళు చేసే తప్పుల్లో బాగా ఎక్కువగా వినపడేది ఇది, తేలిగ్గా పోగొట్టగలిగేదీ ఇదే. ఎలాగంటే, "వెళ్ళాడు" అన్న మాటకి కాదని చెప్పాలంటే తెలుగులో ఏమంటాం? "వెళ్ళాడు లేదు" అంటామా? ఎవరూ అనరు. "వెళ్ళలేదు" అంటాం. "లేదు" వచ్చిన వెంటనే "వెళ్ళాడు"లో ఉన్న కాలమూ పోయింది, "డు" అనే తోకా పోయింది, "వెళ్ళ" అనే మూలమే మిగిలింది. ఇంగ్లీషులో "డిడ్ నాట్" వచ్చినప్పుడు "వెంట్" పోయి "గో" మిగలడం కూడా ఇలాంటిదే. "డిడ్ నాట్ వెంట్" అనడమంటే "వెళ్ళాడు లేదు" అనడం. ఒకసారి ఇలా విన్నాక చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇంకొంచెం లోతుకు పోతే ఇంకో పోలిక కూడా ఉంది. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు, బస్సు రాలేదు: ఎవరి గురించి చెప్పినా "లేదు" మారదు. "డిడ్ నాట్" కూడా ఎవరికీ మారదు. తెలుగు క్రియలు మామూలుగా మనిషిని బట్టి, వచనాన్ని బట్టి ఎన్ని రూపాలు మారుస్తాయో మనకు తెలుసు, అలాంటి భాషలో కూడా ఈ ఒక్కచోట సహాయకుడు కదలకుండా నిలబడ్డాడు. ఈ రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, ఒకటి ద్రావిడ కుటుంబం, ఇంకొకటి జర్మనిక్ కుటుంబం, అయినా పరిష్కారం ఒక్కలాంటిదే దొరికింది.

ఇంగ్లీషుకి మాత్రం ఈ "డు" సాయం మొదటి నుంచీ లేదు. షేక్‌స్పియర్ కాలంలో, అంటే 1600 ప్రాంతంలో, "ఐ నో నాట్" అని నేరుగా అసలు క్రియ వెనకే "నాట్" పెట్టి మాట్లాడేవాళ్ళు, "ఐ డు నాట్ నో" కూడా అప్పటికే పక్కపక్కనే నడుస్తోంది. కాలక్రమంలో రెండోది గెలిచింది. విల్, షల్, క్యాన్ కూడా ఒకప్పుడు సొంత కాళ్ళ మీద నిలబడిన పూర్తి క్రియలే. పాత ఇంగ్లీషులో "విల్"కి కోరుకోవడం అని, "షల్"కి బాకీ పడి ఉండటం అని, "క్యాన్"కి తెలిసి ఉండటం అని అర్థాలు. మన "వెళ్ళాలి" కథ కూడా ఇంతే. "వెళ్ళవలెను" అరిగి "వెళ్ళాలి" అయింది, ఆ "వలెను" వెనక ఉన్న "వలయు" అంటే కావలసి ఉండటం, కోరడం. "క్యాన్" అర్థానికి మన "వచ్చు" తోడు: "నాకు ఈత వచ్చు" అంటే ఈత తెలుసనీ, ఈదగలననీ రెండూ. ఏ భాషలోనైనా గట్టిగా బతికిన క్రియలు కొన్ని వయసు మళ్ళాక పక్కవాటికి చేయూతగా మారతాయేమో అనిపిస్తుంది.

ప్రశ్నల దగ్గరకు వద్దాం. "వేర్ యు ఆర్ గోయింగ్?", "వై యు ఆర్ లేట్?", "వాట్ హి ఈజ్ సేయింగ్?" ఇవి మనకు అంత సహజంగా ఎందుకొస్తాయంటే తెలుగులో ప్రశ్న అడగడానికి మాటల వరుస మార్చం. "ఎక్కడికి పోతా ఉండారు?" అన్నప్పుడు "ఉండారు" తన చోటే ఉంది. అవునా కాదా అని అడగాలంటే "వస్తా ఉండాడా?", "రాలేదా?" అని ఒక "ఆ" చేరుస్తాం, ఆ "ఆ" పడేది కూడా సహాయకుడి మీదే. ఇంగ్లీషు కూడా ప్రశ్న భారం సహాయకుడికే ఇస్తుంది, కాకపోతే అతన్ని లేపి కర్తకు ముందుకు తెచ్చి నిలబెడుతుంది: "ఈజ్ హి కమింగ్?", "వేర్ ఆర్ యు గోయింగ్?" సహాయకుడే లేని మామూలు వాక్యమైతే, "హి లివ్స్ ఇన్ చిత్తూరు" లాంటిది, డు కుటుంబం నుంచి ఒకర్ని అద్దెకు తెచ్చుకోవాలి, అప్పుడు "లివ్స్"లో ఉన్న ఎస్ కూడా ఆ వచ్చినవాడికే పోతుంది: "డజ్ హి లివ్ ఇన్ చిత్తూరు?" "డజ్ హి లివ్స్" అంటే ఒకే బరువుని ఇద్దరు మోసినట్టు.

ఇది బాగా ఒంటబట్టినవాళ్ళు ఇంకో వైపు జారిపోతుంటారు. "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి." "ప్లీజ్ టెల్ మీ వేర్ ఈజ్ ది బస్టాండ్." ప్రశ్నమాట కనపడగానే సహాయకుణ్ణి ముందుకు లాగేయడం అలవాటైపోతుంది. దీనికి తెలుగులో తిరుగులేని పరీక్ష ఉంది. "ఆయన ఎక్కడున్నాడు?" అనేది ప్రశ్న. "ఆయన ఎక్కడున్నాడో తెలీదు" అనేది ప్రశ్న కాదు, చివర "ఓ" చేరింది. తెలుగులో ఆ "ఓ" వినపడితే ఇంగ్లీషులో సహాయకుడు తన పాత చోటికి వెళ్ళిపోవాలి: "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్." బస్టాండ్ ఎక్కడుందో చెప్పండి, "వేర్ ది బస్టాండ్ ఈజ్". వస్తాడో రాడో, "వెదర్ హి విల్ కమ్". ఎప్పుడు తెరుస్తారో, "వెన్ దే విల్ ఓపెన్". కాగితం మీద రూలుగా రాస్తే అర పేజీ పట్టేదాన్ని ఒక్క అచ్చు పట్టిచ్చేస్తుంది.

మళ్ళీ లాడ్జి గదికి. "క్లీన్ చేస్తా ఉండారు" అన్న వాక్యంలో క్లీన్ చేసేదెవరు? పేరు లేదు, "వాళ్ళు" అన్న మాట కూడా లేదు. ఎవరో, ఆ పని వాళ్ళు. తెలుగులో ఇలా కర్తని వదిలేసి "ఆరు" అనే తోకతో నడిపించడం అతి మామూలు. తాళం వేసుండారు. ప్రసాదం ఇస్తా ఉండారు. రోడ్డు తవ్వేసినారు. ఇంగ్లీషు వాక్యానికి మామూలుగా కర్త లేకుండా కుదరదు, ఎవరో ఒకర్ని కుర్చీలో కూర్చోబెట్టాల్సిందే. చేసినవాళ్ళు తెలియనప్పుడు, లేదా చెప్పనక్కర్లేనప్పుడు, పని జరిగిన వస్తువునే తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడుతుంది, గది చేస్తున్నది కాదు చేయించుకుంటున్నది అని తెలియడానికి "బీ" కుటుంబాన్నీ వి3నీ పెడుతుంది. పాసివ్ వాయిస్ అంటే ఇదే. బళ్ళో దీన్ని "రామునిచే రావణుడు చంపబడెను" అనే రకం తెలుగుతో నేర్పడం వల్ల చాలా నష్టం జరిగింది. "బడెను" అని ఇంట్లో ఎవరూ మాట్లాడరు, కాబట్టి పాసివ్ అనేది పరీక్ష కోసం మాత్రమే ఉన్న వస్తువని పిల్లలు అనుకుంటారు. నిజానికి కర్త లేని ఆ "ఆరు" వాక్యాలు రోజుకి వంద మాట్లాడతాం, వాటిలో చాలావాటికి ఇంగ్లీషులో పాసివే సహజం.

ఆ ఒక్క గదినే రోజంతా వెంటబడి చూడండి. "రోజూ క్లీన్ చేస్తారు": "ఈజ్ క్లీన్డ్ ఎవ్రీ డే". "క్లీన్ చేస్తా ఉండారు": "ఈజ్ బీయింగ్ క్లీన్డ్". "క్లీన్ చేసుండారు": "హ్యాజ్ బీన్ క్లీన్డ్". "పొద్దున క్లీన్ చేసినారు": "వాజ్ క్లీన్డ్ ఇన్ ది మార్నింగ్". "మధ్యాహ్నం చేస్తారు": "విల్ బీ క్లీన్డ్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్". "ఇంకా చేయలేదు": "హ్యాజ్ నాట్ బీన్ క్లీన్డ్ యెట్". "చేయాలి": "హ్యాజ్ టు బీ క్లీన్డ్". ప్రతిదాంట్లో "క్లీన్డ్" ఒక్కటే, మారినవన్నీ సహాయకులే, ఆ 24 జాబితాలో చోటు దక్కని బీ, బీయింగ్, బీన్ ఇక్కడ ఎంత పని చేశాయో చూశారు కదా. గ్రహణం రోజున తిరుమల గుడి మూస్తారు, శ్రీకాళహస్తిలో మూయరు. బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకి ఆ సంగతి చెప్పాలంటే "ది టెంపుల్ ఈజ్ క్లోజ్డ్ డ్యూరింగ్ యాన్ ఎక్లిప్స్" అంటే చాలు. "టెంపుల్ ఈజ్ క్లోజింగ్" అంటే ఇంకాసేపట్లో మూసేస్తున్నారేమో అని పరుగెత్తుకొచ్చే ప్రమాదం ఉంది.

ఇక క్యాన్, మస్ట్ లాంటివాటి సంగతి. వీటిలో రూపం కంటే అర్థం కష్టం, ఇక్కడ తెలుగు కొన్నిచోట్ల మనకు ఎక్కువ సాయం చేస్తుంది, కొన్నిచోట్ల తక్కువ. "ఆలి" అనే ఒక్క తోక మస్ట్, హ్యావ్ టు, షుడ్, నీడ్ టు అన్నిటి పనీ చేస్తుంది, గొంతు పెంచి అంటే మస్ట్, నెమ్మదిగా అంటే షుడ్. ఇంగ్లీషులో గొంతుకి బదులు మాట మార్చాలి. ఇంటికొచ్చిన పెద్దాయనతో "యు మస్ట్ టేక్ రెస్ట్ సార్" అంటే ప్రేమగానే ఉంటుంది, ఆఫీసులో పై అధికారితో "యు మస్ట్ సైన్ హియర్" అంటే ఆజ్ఞలా తగులుతుంది, "కుడ్ యు ప్లీజ్ సైన్ హియర్" అన్నది అక్కడ కావాల్సిన మాట. ఈ "కుడ్" భూతకాలం కాదు. మనం కూడా "మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నా సార్" అంటాం, అడుగుదామనుకున్నది నిన్న కాదు, ఇప్పుడే. క్రియని ఒక అడుగు వెనక్కి వేయిస్తే మర్యాద వస్తుందన్నది రెండు భాషలకూ తెలుసు. అలాగని ప్రతి మెయిల్లోనూ మర్యాద కోసం "ఐ వుడ్ రీచ్ రేణిగుంట ఎట్ ఎయిట్" అని రాయడం కుదరదు. అక్కడ "విల్" చాలు. అలా "వుడ్" అంటే వస్తాడా రాడా అన్న సందేహం మిగులుతుంది, స్టేషన్‌కి బండి పంపాల్సినవాళ్ళు అయోమయంలో పడతారు.

"క్యాన్ ఏబుల్ టు" అని అనడం మనవాళ్ళలో చాలా ఎక్కువ. "క్యాన్" అంటేనే గలను, "ఏబుల్ టు" అన్నా గలనే, ఒకటి చాలు. నిన్న ఒక పని చేయగలిగితే, కష్టపడి పూర్తి చేస్తే, "వాజ్ ఏబుల్ టు ఫినిష్" అనాలి, "కుడ్" అక్కడ సరిపడదు. చేయలేకపోతే మాత్రం "కుడ్ నాట్ ఫినిష్" నిక్షేపంలా ఉంటుంది.

కూడదు, అక్కర్లేదు అన్న తేడాలో తెలుగువాళ్ళు తప్పు చేయడానికి కారణమే లేదు, అయినా చేస్తారు. "రాకూడదు" అంటే "మస్ట్ నాట్ కమ్". "రానక్కర్లేదు" అంటే "డజ్ నాట్ హ్యావ్ టు కమ్". మనకు రెండూ నింగీ నేలా అంత దూరం. రేపు సెలవు, మీరు రానక్కర్లేదు అని చెప్పాల్సినచోట "యు మస్ట్ నాట్ కమ్ టుమారో" అని మెసేజ్ పెడితే అందుకున్న మనిషి ఉద్యోగం పోయిందనుకుని రాత్రంతా నిద్రపోడు.

గడిచిపోయిన వాటి గురించి మాట్లాడేటప్పుడు తెలుగు చాలా నిక్కచ్చిగా ఉంటుంది, దాన్ని నమ్ముకోవచ్చు. "రావాల్సింది" అంటే రాలేదు, వచ్చుంటే బాగుండేది: "షుడ్ హ్యావ్ కమ్". "రావాల్సి వచ్చింది" అంటే వచ్చాడు, ఇష్టం లేకపోయినా: "హ్యాడ్ టు కమ్". "వచ్చుండాలి" అంటే కళ్ళతో చూడలేదు కానీ ఈపాటికి వచ్చే ఉంటాడని ఊహ: "మస్ట్ హ్యావ్ కమ్". "వచ్చేవాడు" అంటే అలవాటు: "యూజ్డ్ టు కమ్". "చెప్పుంటే వచ్చుంటాను" అంటే చెప్పలేదు, రాలేదు: "ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హ్యావ్ కమ్". ఈ ఐదు మాటల్నీ మన ఇళ్ళలో ఎవరూ ఒకదానికి బదులు ఇంకొకటి వాడరు. మస్ట్‌కి భూతకాలం లేదు కాబట్టే "హ్యాడ్ టు" అద్దెకు వస్తుందన్న ఒక్క సంగతి తప్ప ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. హ్యాడ్ గురించి మాత్రం ఓ హెచ్చరిక: "ఐ హ్యాడ్ గాన్ టు తిరుమల యెస్టర్‌డే" అని ఊరికే అనకూడదు, "వెంట్" చాలు. "మేము వెళ్ళేసరికే బస్సు పోయింది" లాంటి రెండు ముక్కలున్నప్పుడే, ముందు జరిగినదానికి, "ది బస్ హ్యాడ్ లెఫ్ట్" అని హ్యాడ్ పడుతుంది.

చివరికి "కదా". మనకు ఇది ఒక్కటే మాట, దేని వెనకైనా పడుతుంది: వస్తారు కదా, తిన్నావు కదా, రాలేదు కదా. అందుకే ఇంగ్లీషులో అన్నిటి వెనకా "ఈజింట్ ఇట్" తగిలిస్తాం. ఇంగ్లీషు "కదా" ఒక్క మాట కాదు, ముందు వాక్యంలో ఏ సహాయకుడున్నాడో అతన్నే తిరగేసి అడుగుతుంది. "యు ఆర్ కమింగ్, ఆరింట్ యు?" "షి హ్యాజ్ ఈటెన్, హ్యాజింట్ షి?" "దే లివ్ ఇన్ చిత్తూరు, డోంట్ దే?" జవాబులో కూడా అంతే. "వచ్చినావా?" అంటే మనం "వచ్చినా" అని అసలు క్రియతో బదులిస్తాం, ఇంగ్లీషువాళ్ళు "ఎస్, ఐ డిడ్" అని సహాయకుడితో బదులిస్తారు. కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దావిడ "ది రూమ్ హ్యాజ్ బీన్ క్లీన్డ్, హ్యాజింట్ ఇట్?" అని అడిగితే, లోపల బకెట్ చప్పుడు ఇంకా వినపడుతున్నా కుర్రాడు కంగారు పడాల్సిన పనిలేదు: "నాట్ యెట్ మేడమ్, ఇట్ ఈజ్ బీయింగ్ క్లీన్డ్. ఇట్ విల్ బీ రెడీ ఇన్ టెన్ మినిట్స్."